స్వల్పేంధన శకటములు - విద్యార్థుల పోటీలు

బండి యిరుసునకు కందెన వేయుట యెందులకో డోంగ్లి ప్రాంతపు రైతునకు బోధింప నక్కఱలేదు. ఇరుసు కీచుమనుచున్నచో ఎద్దుల శ్రమలో కొంత రాపిడి పాలగుచున్నదని యాతడెఱుగును. మహారాష్ట్ర సరిహద్దున నున్న యీ నల్లరేగడి సీమలో, వర్షకాలమున బండి లాగుట యెంత కష్టమో చూచినవారికి నేటి నా ప్రసంగ విషయము సులభముగా బోధపడును. ఇంజనీరింగు విద్యార్థులు అత్యల్పమైన యింధనముతో నడచు కార్లను తామే నిర్మించి పోటీపడుచున్నారు. ఆ పోటీలను గూర్చియే చెప్పదలచితిని.

1939లో అమెరికా దేశమున, ఇల్లినాయి రాష్ట్రములోని షెల్ సంస్థ పరిశోధనాలయమున పనిచేయు శాస్త్రజ్ఞులు, సమానమైన యింధనముతో ఎవరి కారు ఎక్కువ దూరము పోవునో చూతమని పందెము వేసికొనిరి. గెలిచిన కారు లీటరునకు సుమారు 21 కిలోమీటర్లు నడచెను. ఆ వినోదమే 1985లో ఫ్రాన్సు దేశమున విద్యార్థుల పోటీగా పరిణమించెను. 2010లో ఆసియా ఖండమునకు వచ్చెను. 2018లో మన చెన్నపట్టణమునను జరిగెను.

ఇందు వేగమునకు బహుమానము లేదు. నియమిత కాలములో గమ్యము చేరి, తక్కువ ఇంధనము వ్యయపఱచినవారిదే గెలుపు. కావున విద్యార్థులు మూడు విషయములను శోధింతురు. మొదటిది బరువు. రెండవది చక్రము. గాలి తక్కువైన టైరు నేలపై నలుగుచు శక్తిని హరించును. అందుచే సన్నని టైర్లలో గాలిని బిగువుగా నింపుదురు. మూడవది ఎదురుగాలి. వేగము రెండింతలైనచో గాలి యడ్డు నాలుగింతలగును. అందువలన కారును చేపవలె కోలగా మలచి, చోదకుడు వెల్లకిల పరుండి నడపునట్లు చేయుదురు. అతడును కొంతసేపు ఇంజను నడపి, పిమ్మట దానిని ఆపి, పుట్టిన వేగముతోనే కారును సాగనిచ్చును.

2005లో జూరిచ్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమువారి పాక్-కార్ 2 అను శకటము ఉదజని వాయువుతో నడచి, లీటరు పెట్రోలునకు సమానమగు శక్తికి 5,385 కిలోమీటర్ల లెక్క సాధించెను. దాని బరువు 30 కిలోలకు మించలేదు. అది నిజముగా అంత దూరము పోలేదు. సుమారు 1 గ్రాము ఉదజనితో 20 కిలోమీటర్లు నడువగా, ఆ పాళ్లలో గణించిరి.

ఇట్టి కారులో సంతకు పోజాలము. కుటుంబము కూర్చుండుటకు చోటు లేదు, గోతుల బాటకు తాళదు. అయినచో ప్రయోజనమేమి? లెక్కించు నలవాటే ప్రయోజనము. వెనుక పొగ కానరానంతమాత్రమున కారు నిర్దోషమని యనరాదు. మన దేశమున విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే పుట్టుచున్నది. ఉదజనియు పెక్కుచోట్ల సహజవాయువునుండియే తీయబడుచున్నది. కారు పొగ విడువకున్నను, ఆ శక్తిని పుట్టించుచోట పొగ పుట్టుచునే యున్నది. కాబట్టి శక్తి ఎచ్చటినుండి వచ్చినను, దానిని తక్కువగా వాడుటయే మొదటి మేలు.

మన పల్లెలనుండి ఇంజనీరింగు కళాశాలలకు పోవు బాలురును బాలికలును ఈ విద్యను అభ్యసింతురుగాక. కాడి క్రింది ఎద్దు మెడను తలచి ఇరుసునకు కందెన వేసిన రైతు బిడ్డలకు ఇది క్రొత్త విద్య కాదు; తండ్రి యెఱిగినదానిని తూచి, కొలిచి, అంకెలలో వ్రాయుట మాత్రమే క్రొత్త.