పార్టీ నిర్మాణం, ఓటరుతో సంబంధం: రాయ్‌పూర్ ఉదాహరణ



రాజకీయ పార్టీ అనగానే మీకు జెండా, గుర్తు, మైకు, నాయకుడి కటౌట్ గుర్తుకు వస్తాయి. ఇవి ఎన్నికల నెలలో కనిపించే వస్తువులు. మిగిలిన కాలమంతా పార్టీ ఎక్కడ ఉంటుంది? దానిని ఎవరు నడుపుతారు? మీ నియోజకవర్గానికి అభ్యర్థిని ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నలను పరిశీలించడానికి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి విడిపడిన ఈ రాష్ట్రంలో శాసనసభ స్థానాలు 90 మాత్రమే. ప్రధానంగా రెండే పార్టీల మధ్య పోటీ. కాబట్టి పార్టీ నిర్మాణం ఫలితాన్ని ఎలా మారుస్తుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా చట్టం సంగతి. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. 1985లో 52వ సవరణ ద్వారా పదవ షెడ్యూలును చేర్చినప్పుడు మాత్రమే పార్టీ అనే మాట రాజ్యాంగంలోకి వచ్చింది. పార్టీల నమోదు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ కింద ఎన్నికల సంఘం వద్ద జరుగుతుంది. నమోదు వేరు, గుర్తింపు వేరు. నమోదైన పార్టీలు వేలల్లో ఉన్నాయి. నిర్ణీత శాతం ఓట్లో, స్థానాలో సంపాదించిన పార్టీకే గుర్తింపు లభించి, సొంత గుర్తు రిజర్వు అవుతుంది.

ఇక నిర్మాణానికి వద్దాం. కాంగ్రెస్‌లో కింద బ్లాకు కమిటీ, ఆపైన జిల్లా కమిటీ, ప్రదేశ్ కమిటీ, అఖిల భారత కమిటీ, అన్నిటికీ పైన కార్యవర్గం ఉంటాయి. భారతీయ జనతా పార్టీలో బూత్ కమిటీ, మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయ కార్యవర్గం అనే వరుస. ఇక్కడ మండలం అంటే మన తెలుగువారికి తెలిసిన రెవెన్యూ మండలం కాదు, పార్టీ తన సౌకర్యానికి గీసుకున్న విభాగం. రాయ్‌పూర్ వంటి నగరంలో కొన్ని వార్డులు కలిస్తే ఒక మండలం. బి.జె.పి.లో సంఘటన్ మంత్రి అనే పదవి కూడా ఉంది. దీనికి సాధారణంగా రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ నుంచి పూర్తికాల కార్యకర్తను పంపుతారు. ఆయన ఎన్నికలలో పోటీ చేయడు, కానీ ఆయన మాటకు బరువు ఎక్కువ.

కాగితం మీద రెండు నిర్మాణాలూ మెట్ల వరుసలాగే ఉంటాయి. తేడా అట్టడుగు మెట్టు దగ్గర తెలుస్తుంది. పోలింగ్ కేంద్రం పరిధిలో సుమారు వెయ్యిమంది ఓటర్లు ఉంటారనుకోండి. ఓటర్ల జాబితాలో ఒక్కో పేజీకి కొద్దిమంది పేర్లే పడతాయి. ఆ ఒక్క పేజీకి బాధ్యుడిగా ఒక కార్యకర్తను నియమించే పద్ధతిని బి.జె.పి. అనుసరిస్తోంది. హిందీలో పన్నా అంటే పేజీ, అందుకే ఆ కార్యకర్తను పన్నా ప్రముఖ్ అంటారు. తన పేజీలో ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు పనికోసం వలస వెళ్లారు, ఎవరు చనిపోయినా పేరు మిగిలింది, ఏ ఇంట్లో పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండాయి అన్నది అతడికి తెలిసి ఉండాలి. పోలింగ్ రోజు మధ్యాహ్నానికి ఓటు వేయనివారి తలుపు తట్టవలసిన మనిషి అతడే.

ఇంత చిన్న పనికి విలువ ఉంటుందా అని మీరు అడగవచ్చు. 2013 శాసనసభ ఎన్నికలలో బి.జె.పి.కి 49, కాంగ్రెస్‌కు 39 స్థానాలు వచ్చాయి. రెండు పార్టీల ఓట్ల మధ్య తేడా ఒక శాతం కూడా లేదు, సంఖ్యలో లక్షలోపే. రాష్ట్రంలో పోలింగ్ కేంద్రాలు అప్పటికి 21 వేలకు పైగా ఉన్నాయి. భాగించి చూడండి: ఒక్కో కేంద్రానికి సగటున ఐదు ఓట్లలోపు తేడా.

అయితే బూత్ కమిటీ ఒక్కటే అన్నీ చేయలేదు. 2018లో అదే బి.జె.పి. 15 స్థానాలకు పడిపోయింది, కాంగ్రెస్ 68 గెలిచింది. క్వింటాలు ధాన్యానికి 2,500 రూపాయలు ఇస్తామనీ, పది రోజుల్లో రుణమాఫీ చేస్తామనీ కాంగ్రెస్ చేసిన వాగ్దానం అందుకు ఒక ముఖ్య కారణం. డిసెంబరు 17న ప్రమాణ స్వీకారం చేసిన రోజునే ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ మాఫీ ఉత్తర్వు ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్‌ను వరి గిన్నె అంటారు కదా, అక్కడ ధాన్యం ధర తెలియకుండా రాజకీయం అర్థం కాదు. 2023లో బి.జె.పి. ఎకరాకు 21 క్వింటాళ్ల చొప్పున 3,100 రూపాయల ధర, వివాహిత స్త్రీలకు ఏటా 12,000 రూపాయలు ప్రకటించింది. ప్రకటించి ఊరుకోలేదు, కార్యకర్తలు పోలింగుకు ముందే ఇంటింటికీ వెళ్లి ఆ పథకానికి ఫారాలు నింపించారు. ఆ ఎన్నికలలో 54 స్థానాలతో అధికారానికి వచ్చింది. వాగ్దానమూ, బూత్ నిర్మాణమూ ఒకే కాగితం మీద కలిసిన సందర్భం ఇది. ఓటరును పౌరుడిగా కాక లబ్ధిదారుగా చూసే అలవాటు కూడా ఇక్కడే బలపడుతుందని నా అభిప్రాయం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం గురించి మీ ఇళ్లలో పెద్దలు చెప్పే ఉంటారు. కనుక ఇది ఒక్క రాష్ట్రపు కథ కాదు.

ఇప్పుడు కీలకమైన ప్రశ్న: టికెట్టు ఎవరు ఇస్తారు? నామినేషన్లకు చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు అభ్యర్థి తన పార్టీ ఇచ్చిన బి-ఫారం సమర్పించాలి. అది లేకపోతే పార్టీ గుర్తు రాదు. ఆ ఫారం మీద సంతకం చేసే అధికారం ఎవరిదో తెలిపేది ఎ-ఫారం. బూత్ కమిటీ ఎంత కష్టపడినా ఈ సంతకం దానిది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలు చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో తన సిట్టింగ్ ఎంపీలు పదిమందికీ బి.జె.పి. టికెట్టు నిరాకరించింది. వారిలో రాయ్‌పూర్ నుంచి ఏడుసార్లు గెలిచిన రమేశ్ బైస్ కూడా ఉన్నారు. నిర్ణయం ఢిల్లీలో జరిగింది. 11 స్థానాల్లో పార్టీ 9 గెలిచింది. గెలిచింది కాబట్టి నిర్ణయం సరైనదే అంటారు కొందరు. కానీ రాయ్‌పూర్ సభ్యులను ఎవరైనా అడిగారా అన్నది వేరే ప్రశ్న.

కాంగ్రెస్ విషయంలోనూ ఇదే ప్రశ్న రాయ్‌పూర్‌లోనే ఎదురైంది. 2022 అక్టోబరులో ఆ పార్టీ అధ్యక్ష పదవికి ఓటింగు జరిగి, మల్లికార్జున ఖర్గే 7,897 ఓట్లతో, 1,072 ఓట్లు పొందిన శశి థరూర్‌పై గెలిచారు. 2023 ఫిబ్రవరి 24 నుంచి 26 వరకు నవ రాయ్‌పూర్‌లో 85వ మహాసభ జరిగింది. కార్యవర్గానికి కూడా ఎన్నిక జరుగుతుందా అని చాలామంది ఎదురుచూశారు. మొదటి రోజే స్టీరింగ్ కమిటీ సమావేశమై, ఎన్నిక అక్కర్లేదు, సభ్యులను అధ్యక్షుడే నియమిస్తారని తీర్మానించింది. అదే సభలో షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలు, స్త్రీలు, యువజనులకు కార్యవర్గంలో సగం స్థానాలు కేటాయిస్తూ పార్టీ నియమావళిని సవరించారు. ఎవరెవరికి చోటు ఉండాలో నియమావళి చెప్పింది, వారిని ఎంచుకునే హక్కు మాత్రం సభ్యుల చేతికి రాలేదు.

వ్యక్తి చుట్టూ కట్టిన పార్టీల గతి ఏమిటి? 2003లో విద్యాచరణ్ శుక్లా కాంగ్రెస్‌ను వదిలి నేషనలిస్ట్ కాంగ్రెస్ పార్టీలో చేరారు. ఆ పార్టీకి సుమారు 7 శాతం ఓట్లు, ఒకే ఒక స్థానం వచ్చాయి. కాంగ్రెస్ ఓటమికి ఆ చీలిక తోడయింది. తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగి 2016లో సొంత పార్టీ పెట్టి 2018లో 5 స్థానాలు గెలిచారు. 2020 మే నెలలో ఆయన మరణించారు, 2023లో ఆ పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. తెలుగుదేశం పార్టీ కూడా 1982 మార్చి 29న ఒక వ్యక్తి పేరు మీదే పుట్టింది కదా అంటారా? నిజమే. కానీ అది కింద దాకా కమిటీలు కట్టుకుంది, అందుకే నాయకుడి తరం దాటి నిలిచింది.

దల్లీ రాజహరా ఇనుప ఖనిజపు గనుల్లో శంకర్ గుహా నియోగి నిర్మించిన ఉద్యమం మరో దారి తొక్కింది. అక్కడ ముందు కార్మిక సంఘం, తర్వాత కార్మికులే కట్టుకున్న షహీద్ ఆసుపత్రి, దానితోపాటు ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా పేరుతో ఎన్నికల పోటీ. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. ఆసుపత్రి నిలిచింది. ఓట్ల బలం మాత్రం ఆ ప్రాంతం దాటి విస్తరించలేదు.

గెలిచిన తర్వాత సభ్యుడు పార్టీ మారితే ఓటరు గతి ఏమిటి? 2001 డిసెంబరులో బి.జె.పి.కి చెందిన 36 మంది శాసనసభ్యుల్లో 12 మంది పాలక కాంగ్రెస్ వైపు వెళ్లారు. లెక్క కట్టండి, సరిగ్గా మూడో వంతు. ఆనాటి చట్టంలో మూడో వంతు సభ్యులు విడిపోతే అనర్హత వర్తించేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటును తొలగించింది.

ప్రజలను కలవడం కొన్నిచోట్ల ప్రాణాపాయం కూడా. 2013 మే 25న కాంగ్రెస్ పరివర్తన్ యాత్ర వాహనాల వరుసపై బస్తర్‌లోని ఝీరమ్ లోయలో మావోయిస్టులు దాడి చేశారు. ప్రదేశ్ అధ్యక్షుడు నందకుమార్ పటేల్, మహేంద్ర కర్మ సహా పాతిక మందికి పైగా మరణించారు. గాయపడిన విద్యాచరణ్ శుక్లా జూన్‌లో కన్నుమూశారు. కొద్ది నెలల్లో జరగవలసిన ఎన్నికలకు ముందు ఒక పార్టీ రాష్ట్ర నాయకత్వం ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయింది.

చివరగా మీరు స్వయంగా చూడగలిగిన ఒక విషయం. పోలింగ్ ముగియగానే ప్రతి కేంద్రంలో ఎన్ని ఓట్లు పోలయ్యాయో తెలిపే 17సి ఫారం ప్రతిని అక్కడున్న పార్టీ ఏజెంట్లకు ఇస్తారు. లెక్కింపు తర్వాత కేంద్రాల వారీగా ఎవరికెన్ని వచ్చాయో ఫారం 20లో వెల్లడవుతుంది. తర్వాతి అయిదేళ్లలో మీ వీధికి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది పార్టీ కార్యాలయాల్లో ఆ అంకెలను చూసే నిర్ణయిస్తారు. అది అందరికీ అందుబాటులో ఉండే పత్రమే. మీ పోలింగ్ కేంద్రపు వరుసను గత రెండు ఎన్నికల ఫారాల్లో పోల్చి చూడండి.