వరదకు ముందే

వాన రైతుకు వరం. ఆ వానే హద్దు మీరితే వాగు ఒడ్డున నివసించేవారికి ప్రాణగండం. వరదను ఆపడం మానవునికి సాధ్యం కాకపోవచ్చు. దాని రాకకు ముందే సిద్ధపడటం మాత్రం సాధ్యమే.

2024 సెప్టెంబరు 1న వరంగల్లు జిల్లా నెక్కొండకు సమీపాన, ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరద ఉధృతికి రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. రైళ్ళ రాకపోకలు స్తంభించాయి. వందలాది సిబ్బంది తరలివచ్చి, కొద్ది రోజుల్లోనే మార్గాన్ని పునరుద్ధరించారు. రైలు మార్గానికి అందిన ఈ సత్వర సహాయం వాగుల ఆవలనున్న గిరిజన గూడేలకు అంత సులభంగా అందదు. వాగు పొంగితే సహాయం వచ్చే దారే మూసుకుపోతుంది. కనుక అక్కడ సహాయం వరదకంటె ముందే చేరాలి.

పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదీ, నేటి ములుగు జిల్లాలోనిదీ అయిన ఏటూరునాగారం అటవీ ప్రాంతం కోయల నివాసభూమి. ఇక్కడి వరదలు రెండు విధాలు. మొదటిది గోదావరి వరద. ఎగువన కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి వంటి ఉపనదుల ద్వారా చేరడంతో గోదావరి క్రమక్రమంగా పెరుగుతుంది. దిగువన భద్రాచలం వద్ద నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి.

రెండవది వాగు వరద. అది గంటల వ్యవధిలోనే విరుచుకుపడుతుంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. ఆ వానలకే, మేడారం జాతరలో భక్తులు పుణ్యస్నానాలాచరించే జంపన్న వాగు ఉప్పొంగి, కొండాయి గ్రామాన్ని ముంచెత్తి, ఎనిమిదిమందిని బలిగొన్నది.

కనుక సన్నాహమంతా తొలకరికి ముందే పూర్తి కావాలి. రేషను బియ్యం, మందులు, క్లోరిన్ బిళ్ళలు గూడెంలోనే నిల్వ ఉండాలి. ప్రసవ సమయం సమీపించిన గర్భిణులను వాగు పొంగకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. ఏ మిట్టకు, ఏ దారిన వెళ్ళాలో పిల్లలకు సైతం తెలిసి ఉండాలి. పశువుల పలుపులు విప్పే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించుకోవాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాకూ ఇట్టి ప్రణాళిక ఉండాలి.

అయితే కాగితం మీది ప్రణాళిక గూడెం మనిషికి అర్థమైనప్పుడే సార్థకమవుతుంది. అడుగుల లెక్క వినిపిస్తే చాలదు. నీరు ఊరి చింతచెట్టు మొదలును తాకితే కదలాలని కోయ భాషలో చెప్పినప్పుడే అది హెచ్చరిక అవుతుంది. ఏ ఏట నీరు ఎంతవరకు వచ్చిందో గూడెం పెద్దలకు తెలుసు. వాన రాకను ముందుగా పసిగట్టే సాధనాలు శాస్త్రవేత్తల వద్ద ఉన్నాయి. ఈ రెండు జ్ఞానాలూ కలిసిన చోట వరద వచ్చినా ప్రాణనష్టం తప్పుతుంది.