ఘాట్ ఎక్కే గుర్రం: బరువైన ట్రైలర్‌కు ఏ బండి సరిపోతుంది?

చరోదాలో సాయంత్రం అయ్యేసరికి రెండు శబ్దాలు కలిసి వినిపిస్తాయి. ఒకటి భిలాయి మార్షలింగ్ యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు. రెండోది జీఈ రోడ్డు మీద ఉక్కు ప్లేట్లు ఎత్తుకుని వెళ్లే ట్రైలర్ల మూలుగు. రెండు చోట్లా జరిగే పని ఒకటే: ఒక బండి తన కంటే ఎన్నో రెట్లు బరువైన దాన్ని వెనక కట్టుకుని లాగుతుంది.

ఇక్కడి రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్లు ట్రైలర్ తోలి, ఇప్పుడు సొంత బండి కొనాలనుకుంటున్న ఒక పెద్దాయన నా ముందు రెండు కొటేషన్ కాగితాలు పెట్టారు.

"బాబూ, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. ఇది 46 టన్నులది, 250 హార్స్ పవర్. ఇది 55 టన్నులది, 300. రెండోదానికి అప్పు ఎక్కువవుతుంది. ఆ యాభై హార్స్ పవర్ కోసం అంత డబ్బు పెట్టాలా?"

"ముందు బండి ఎక్కడికి వెళ్తుందో చెప్పండి మావయ్యా" అన్నాను.

"రాయ్‌పూర్ దాకా అయితే రోజూ ఉంటుంది. కిరాయి బాగుండేది మాత్రం ఆంధ్రా వైపే. కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాలి."

ఆయన అడిగిన ప్రశ్న ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికాలో సెలవులకు ఇంటి లాంటి క్యాంపింగ్ ట్రైలర్‌ను వెనక కట్టుకుని వెళ్లే కుటుంబం కూడా పికప్ ట్రక్కు కొనేముందు ఇదే లెక్క వేసుకోవాలి. బరువులు వేరు, సూత్రాలు ఒకటే.

బండి పేరులోనే ఉన్న లెక్క

ట్రైలర్‌ను లాగే ముందు భాగాన్ని ఇక్కడి డ్రైవర్లు 'ఘోడా' అంటారు, అంటే గుర్రం. ఆ గుర్రం తలుపు మీద ఉండే అంకెల్లో చాలా సమాచారం ఉంటుంది. 5530 అని రాసి ఉంటే, ట్రైలర్, సరుకుతో కలిపి 55 టన్నుల వరకు అనుమతి, ఇంజిన్ శక్తి సుమారు 300 హార్స్ పవర్ అని అర్థం. 4625 అంటే దాదాపు 46 టన్నులు, 250 హార్స్ పవర్.

ఈ 55 ఎక్కడి నుంచి వచ్చింది? రోడ్డు మీద ఒక్కో ఇరుసు ఎంత బరువు మోపవచ్చో కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2018 జులైలో ఆ పరిమితులను పెంచారు. ముందు ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్లున్న ఒంటరి ఇరుసుకు 11.5, జంట ఇరుసులకు 21, మూడు ఇరుసుల గుంపుకు 27. గుర్రానికి వెనక జంట ఇరుసులు, ట్రైలర్‌కు మూడు ఇరుసులు ఉంటే 7+21+27 = 55. గుర్రానికి వెనక ఒకటే ఇరుసు ఉంటే 7+11.5+27 = 45.5. మావయ్య చేతిలోని రెండు కాగితాల మధ్య అసలు తేడా యాభై హార్స్ పవర్ కాదు, ఆ ఒక్క ఇరుసు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఖాళీ బండి, ట్రైలర్ బరువులు తీసేస్తే పెద్దదాని మీద సుమారు 38 టన్నులు, చిన్నదాని మీద సుమారు 30 టన్నుల సరుకు వేయవచ్చు. 12 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క ఉక్కు ప్లేటు 4.7 టన్నులు తూగుతుంది. ఎనిమిది ప్లేట్లతో 38 టన్నులు నిండిపోతాయి. వాటి మొత్తం ఎత్తు 16 సెంటీమీటర్లే! దూరం నుంచి చూస్తే ట్రైలర్ ఖాళీగా వెళ్తున్నట్టే ఉంటుంది. 'ఇంకో రెండు వేయండి' అనిపించేది అందుకే.

హార్స్ పవర్ ఏం చేస్తుంది?

చదునైన రోడ్డు మీద 55 టన్నుల బండిని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడపడానికి టైర్ల దొర్లుడు నిరోధాన్ని, గాలి నిరోధాన్ని అధిగమిస్తే చాలు. రెండూ కలిపి సుమారు 80 కిలోవాట్లు, అంటే 110 హార్స్ పవర్ లోపే. మిగిలినదంతా ఎత్తు ఎక్కడానికి.

ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు అనుకుందాం. 55 టన్నుల బరువు కిందికి లాగే బలం 27 కిలోన్యూటన్లు. దొర్లుడు నిరోధం 4 కిలోన్యూటన్లకు కొంచెం తక్కువ. మొత్తం సుమారు 31. ఇంజిన్ ఇచ్చే 300 హార్స్ పవర్‌లో, అంటే 220 కిలోవాట్లలో, 85 శాతం చక్రాలకు చేరుతుందనుకుంటే ఆ ఎత్తు మీద వేగం గంటకు 22 కిలోమీటర్లు. ఇప్పుడు 45.5 టన్నుల బండికి 250 హార్స్ పవర్‌తో ఇదే లెక్క వేస్తే వచ్చేదీ 22 కిలోమీటర్లే.

ఆశ్చర్యపోనక్కర్లేదు. టన్నుకు ఎన్ని హార్స్ పవర్ అన్నది రెండింటిలోనూ దాదాపు 5.5. ఎత్తు మీద వేగాన్ని నిర్ణయించేది ఈ నిష్పత్తే. కాబట్టి హార్స్ పవర్ చూసి ఈ రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోలేం.

టైరు పట్టు దగ్గరే తేడా

ఇంజిన్ ఎంత బలమైనదైనా ఆ బలం టైరు, రోడ్డు కలిసే చోట ఘర్షణ ద్వారానే బయటికి రావాలి. ఇంజిన్ టార్క్ 1100 న్యూటన్-మీటర్లు, మొదటి గేరులో మొత్తం తగ్గింపు 50 రెట్లు, చక్రం వ్యాసార్థం అర మీటరు అనుకుంటే చక్రాల దగ్గర 90 కిలోన్యూటన్లకు పైగా బలం పుడుతుంది. అవసరమైన 31కి ఇది మూడు రెట్లు. అయినా వానాకాలంలో ఘాట్ మీద బండి ఆగిపోయి, చక్రాలు ఉన్నచోటే తిరగడం మనం చూస్తాం. అక్కడ ఓడిపోయింది ఇంజిన్ కాదు, పట్టు.

పట్టు అంటే ఘర్షణ గుణకాన్ని, లాగే ఇరుసుల మీద పడే బరువుతో గుణించడమే. పొడి రోడ్డు మీద గుణకం 0.6 దాకా ఉంటుంది. తడిస్తే 0.3కి పడిపోవచ్చు. బురద, డీజిల్ మరకలు కలిస్తే 0.2 అనుకోవచ్చు.

గుణకం 0.2 ఉన్న చోట లెక్క చూద్దాం. 46 టన్నుల బండికి లాగే ఇరుసు ఒకటే, దాని మీద 11.5 టన్నులు. పట్టు 22.5 కిలోన్యూటన్లు. ఆ ఎత్తు ఎక్కడానికి కావలసింది 25. బండి జారుతుంది. 55 టన్నుల బండికి లాగే ఇరుసులు రెండు, వాటి మీద 21 టన్నులు. పట్టు 41 కిలోన్యూటన్లు, కావలసింది 31. ఎక్కువ బరువున్న బండే ఎక్కుతుంది! అప్పు తీసుకుని కొనే ఆ అదనపు ఇరుసు ఇచ్చేది ఈ భరోసానే.

చరోదా వాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. ఇక్కడి ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో కనిపించే డబ్ల్యూఏజీ-9 ఇంజిన్ 123 టన్నులు తూగుతుంది, బయల్దేరేటప్పుడు సుమారు 460 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది. మరింత పట్టు కోసం దానికే బరువు చేర్చి 132 టన్నుల డబ్ల్యూఏజీ-9హెచ్ చేశారు. లాగే ఇంజిన్‌కు కావాలనే బరువు పెంచడం వింతగా తోచినా, నునుపైన ఉక్కు పట్టాల మీద పట్టు దొరకాలంటే అదే దారి. ఉక్కు చక్రం దొర్లుడు నిరోధం టైరులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి చదునులో ఒక్క ఇంజిన్ వేల టన్నులను లాగగలదు. కానీ 5000 టన్నుల గూడ్సుకు వందకు ఒక్క మీటరు ఎత్తు వచ్చినా అదనంగా 490 కిలోన్యూటన్లు కావాలి. రైలు మార్గాల్లో ఎత్తుపల్లాలను అంత జాగ్రత్తగా తగ్గించేది అందుకే.

ఒక్క మీటరు వెనక్కి జరిగితే

గుర్రం మీద బరువు ఎలా పడుతుంది? ట్రైలర్ ముందు భాగం కింద ఉండే కింగ్‌పిన్, గుర్రం వెనక ఇరుసుల మీదుగా ఉండే ఫిఫ్త్ వీల్‌లో కూర్చుంటుంది. ట్రైలర్ ఒక తూగుడుబల్ల లాంటిది. ఒక చివర కింగ్‌పిన్, రెండో వైపు మూడు ఇరుసులు. మధ్యలో సరుకు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఎటు ఎంత పడాలో తేలుతుంది.

రెండింటి మధ్య దూరం 8 మీటర్లు అనుకుందాం. 38 టన్నుల ప్లేట్లను ఉండాల్సిన చోటు నుంచి ఒక్క మీటరు వెనక్కి వేస్తే 38లో ఎనిమిదో వంతు, అంటే 4.75 టన్నులు, కింగ్‌పిన్ మీద నుంచి వెనక ఇరుసులకు మారిపోతాయి. మొత్తం బరువు మారలేదు. కాటా మీద 55 టన్నులే చూపిస్తుంది. కానీ వెనక మూడు ఇరుసులు 27 టన్నుల పరిమితి దాటి 32కి చేరువయ్యాయి. గుర్రం జంట ఇరుసుల మీద 16 టన్నులే మిగిలాయి. ఇందాకటి జారుడు రోడ్డు మీద పట్టు 41 నుంచి 32 కిలోన్యూటన్లకు పడిపోయింది. కావలసింది 31. అంటే డబ్బు పెట్టి కొన్న భరోసా లోడింగ్ దగ్గరే పోయింది.

క్యాంపింగ్ ట్రైలర్లకూ ఇదే నియమం. మామూలు బాల్ కొక్కేనికి తగిలించే ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సామాను సర్దుకోమంటారు. 3 టన్నుల ట్రైలర్‌కు అది 300 నుంచి 450 కిలోలు. అంతకంటే తక్కువైతే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ తోకలా ఊగి, లాగే బండినే పక్కకు తోసేస్తుంది. మరీ ఎక్కువైతే కొక్కెం వెనక చక్రాలకు అవతల ఉంటుంది కాబట్టి బండి ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

ఎక్కడం కంటే దిగడమే కష్టం

"చిన్న బండి కొని, పెద్ద లోడు వేసుకుంటే?" అని మావయ్య నవ్వుతూ అడిగారు. నవ్వుతూ అడిగినా, ఆ పని చేసేవాళ్లు ఉన్నారని ఇద్దరికీ తెలుసు. 46 టన్నుల బండి మీద 38 టన్నులు వేస్తే 8 టన్నులు ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 చొప్పున మొత్తం 36,000. కానీ జరిమానా కంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది.

ఎక్కేటప్పుడు ఆ బండి పెద్దగా ఫిర్యాదు చేయదు. వేగం 22 నుంచి 19 కిలోమీటర్లకు తగ్గుతుంది, అంతే. దాంతో 'మోస్తోంది కదా' అన్న ధీమా వస్తుంది. అసలు పరీక్ష దిగేటప్పుడు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే 55 టన్నుల బండిని ఆపితే బ్రేకులు సుమారు 7.6 మెగాజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి 54 మెగాజౌళ్లు, ఏడు రెట్లు. టైర్లలో పోయేది తీసేసినా 46 మిగులుతుంది. అదంతా బ్రేకుల్లోనే పోయి, వేడి బయటికి పోయే వ్యవధి లేకపోతే ఏమవుతుంది? ఒక్కో డ్రమ్ములో 50 కిలోల ఇనుము, ఆరు ఇరుసులకు 12 డ్రమ్ములు అనుకుంటే ఉష్ణోగ్రత దాదాపు 170 డిగ్రీలు పెరుగుతుంది. ఐదు ఇరుసులు, 10 డ్రమ్ములున్న 46 టన్నుల బండి తన పరిమితిలో ఉంటే దానికీ 170 డిగ్రీలే. అదే బండి మీద 8 టన్నులు ఎక్కువ వేస్తే 195. ఇది ఒక్క 100 మీటర్ల దిగుడుకే. ఘాట్ అంతకంటే లోతైతే వేడి మీద వేడి చేరుతుంది. డ్రమ్ములు కాగినకొద్దీ లైనింగ్ పట్టు తగ్గుతుంది, డ్రమ్ము వ్యాకోచించి లైనింగ్‌కు దూరమవుతుంది. డ్రైవర్ పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

కేశ్‌కాల్ ఘాట్‌లో 12 మలుపులున్నాయి. అనుభవమున్న డ్రైవర్లు ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగుతారు, ఎగ్జాస్ట్ బ్రేకు వాడతారు. దాని వెనక మంచి భౌతికశాస్త్రం ఉంది. 5 శాతం దిగుడులో గంటకు 30 కిలోమీటర్లతో వస్తే సెకనుకు 193 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 15 కిలోమీటర్లతో వస్తే సగమే. అందులో పెద్ద భాగాన్ని ఇంజిన్ తీసుకుంటే బ్రేకులు చల్లగా ఉండి, చివరి మలుపు దాకా పనికొస్తాయి.

ఇక ఏది కొనాలి?

నేను ఆయనకు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. నా సరుకు ఎన్ని టన్నులు? నా దారిలో అన్నిటికంటే కష్టమైన ఎత్తు ఏది? లాగే ఇరుసుల మీద ఎంత బరువు పడుతుంది? దిగేటప్పుడు వేడి ఎక్కడికి పోతుంది? హార్స్ పవర్ ఈ నాలుగింటి తర్వాతే.

రాయ్‌పూర్ దాకా చదునులో 30 టన్నులు చేరవేయడానికే అయితే 46 టన్నుల బండి చాలు, అప్పూ తగ్గుతుంది. వానాకాలంలో కూడా ఘాట్ దాటి ఆంధ్రా వైపు వెళ్లాలనుకుంటే రెండు ఇరుసులతో లాగే బండే తీసుకోవాలి. చిన్న బండి కొని పెద్ద బండి పని చేయించడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు.

మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కాసేపు ఆలోచించి, "అయితే బాబూ, బండి కొన్నాక కూడా ప్లేట్లు వేసేటప్పుడు నేను దగ్గరుండి చూసుకోవాలన్నమాట. ఒక్క మీటరుకే ఐదు టన్నులు అటుదిటు అయితే ఎలా?" అన్నారు.

భౌతికశాస్త్రం ఎంఎస్సీలో మాకు ఈ పాఠం బల్ల మీద చెప్పారు. ఆయన దాన్ని ట్రైలర్ మీద పట్టుకున్నారు.