ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా: ముందు ఏది మార్చాలి?

సాగర్ రోడ్డు వెంట ఇబ్రహీంపట్నం, శేరిగూడ, మంగళ్‌పల్లి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. చదువుకీ ఆటలకీ ఒకే అసెంబుల్డ్ కంప్యూటర్ వాడే విద్యార్థికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పదు: కొత్త ఆట నత్తనడక నడుస్తోంది, చేతిలో ఒక్క భాగానికి సరిపడా డబ్బే ఉంది, మరి ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా? కంప్యూటర్ భాగాలు అమ్మే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు (సీటీసీ) బస్సెక్కే ముందే దీన్ని ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. రెండింటిలో ఏది దేనికోసం ఎదురుచూస్తోందో కనిపెట్టాలి, అంతే. ఆలస్యం చేస్తున్నదాన్నే మార్చాలి.

ఆటలో తెర మీద కదులుతున్నట్టు కనిపించేదంతా వెంటవెంటనే వచ్చే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. శత్రువు ఎటు కదలాలి, తూటా ఎక్కడ తగిలింది, తెర మీద ఏయే వస్తువులు గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్‌వి. ఆ ఆదేశాలు అందుకుని ఒక్కో పిక్సెల్‌కు రంగు, వెలుగు, నీడ తేల్చేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్‌లో బలమైన కోర్లు కొన్నే ఉంటాయి. ఒకదాని ఫలితం మీద మరొకటి ఆధారపడే లెక్కలకు అవే తగినవి. కార్డులో చిన్న కోర్లు వేలల్లో ఉంటాయి. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 3,584 ఉన్నాయి. లక్షల పిక్సెళ్లకు ఒకే రకం లెక్కను ఒకేసారి చేయడం వాటి బలం. కార్డు ఒక ఫ్రేమ్ గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేమ్‌ను సిద్ధం చేస్తుంది. పెళ్లి భోజనాల్లో వంటవాళ్లు, వడ్డించేవాళ్లు పనిచేసే తీరు ఇదే: ఎవరు నెమ్మదిస్తే బంతి వాళ్ల వేగంతోనే సాగుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఒక్కో ఫ్రేమ్‌కు ప్రాసెసర్‌కు 8 మిల్లీసెకన్లు, కార్డుకు 20 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. సెకనుకు సుమారు 50 ఫ్రేములు వస్తాయి. రెట్టింపు వేగం ఉన్న ప్రాసెసర్ కొంటే దాని పని 4 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, అయినా వచ్చేవి ఆ 50 ఫ్రేములే. అదే డబ్బుతో రెట్టింపు వేగం ఉన్న కార్డు కొంటే 100 వస్తాయి. ఆపైన ఇంకో రెట్టింపు కార్డు కొన్నా 200 రావు. 8 మిల్లీసెకన్ల ప్రాసెసర్ దగ్గర ఆగి 125 మాత్రమే వస్తాయి. ఒక్క భాగం ఎంత వేగం పుంజుకున్నా మొత్తానికి కలిగే లాభానికి హద్దు ఉంటుందని జీన్ ఆమ్డాల్ 1967లోనే వాదించాడు. ఇక్కడా అదే జరుగుతోంది.

మరి మన కంప్యూటర్‌లో ఆలస్యం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? 1920×1080 రెజల్యూషన్‌లో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. 1280×720లో 9,21,600 మాత్రమే. రెజల్యూషన్ తగ్గిస్తే కార్డు గీయాల్సిన పిక్సెళ్లు సగానికన్నా తక్కువవుతాయి, ప్రాసెసర్ పని దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి వీ-సింక్, ఫ్రేమ్ పరిమితి, అప్‌స్కేలింగ్ ఆపేసి, ఆటలో ఒకే చోటును రెండు రెజల్యూషన్లలోనూ ఆడి, ఫ్రేముల సంఖ్య రాసుకోవాలి. చిన్న రెజల్యూషన్‌లో ఫ్రేములు బాగా పెరిగితే లోటు కార్డుది. ఇంచుమించు అంతే ఉంటే ప్రాసెసర్‌ది.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతం కూడా దాటలేదు కదా, దాన్ని ఎలా తప్పుపడతామని కొందరు అడుగుతారు. ఆ అంకె అన్ని కోర్ల సగటు. ఎనిమిది కోర్లలో ఒక్కటి పూర్తిగా మునిగిపోయి మిగతావి ఖాళీగా ఉంటే సగటు 12.5 శాతమే కనిపిస్తుంది. ఆట మాత్రం ఆ ఒక్క కోరు కోసమే ఆగుతుంది. ఆటంటే బొమ్మలే కాబట్టి ఎప్పుడూ కార్డే మార్చాలన్నది మరో వాదన. రే ట్రేసింగ్‌తో సైబర్‌పంక్ 2077 ఆడేవారికి అది చాలావరకు నిజం. కానీ 144 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 ఆడేవారికి ప్రతి ఫ్రేమూ 7 మిల్లీసెకన్ల లోపే సిద్ధం కావాలి. అక్కడ తరచుగా వెనకబడేది ప్రాసెసరే. ఈ రెండూ కాకుండా మూడో కారణమూ ఉండొచ్చు. ఒకే ర్యామ్ స్టిక్కుతో నడిచే కంప్యూటర్‌కు జతగా మరొకటి వేస్తే ప్రాసెసర్‌కు డేటా అందే దారి రెండింతలవుతుంది. మన ఎండాకాలంలో దుమ్ము పట్టిన ఫ్యాన్ల కింద వేడెక్కిన చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రెజల్యూషన్ పరీక్షకు ముందే వీటిని సరిచూసుకోవాలి.

పరీక్షలో రెండూ ఇంచుమించు సమానమని తేలితే ముందు కార్డే మార్చమంటాను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తరాలు మారినా పాత కొత్త కార్డులను కలుపుకుపోతుంది. పవర్ సప్లై సామర్థ్యం, క్యాబినెట్‌లో చోటు చూసుకుంటే చాలు. రేపు కంప్యూటర్ మొత్తం మార్చినా కార్డు వెంట వస్తుంది. ప్రాసెసర్ సాకెట్‌కు కట్టుబడి ఉంటుంది. ఇంటెల్ 11వ తరం బోర్డులో 12వ తరం చిప్ పట్టదు; మదర్‌బోర్డు, ఒక్కోసారి ర్యామ్ కూడా మార్చాలి. ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవారికి మాత్రం ఈ బాధ తక్కువ: 2017లో కొన్న చాలా బోర్డులు బయాస్ అప్‌డేట్ చేస్తే 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీని కూడా నడుపుతాయి.

అందుకే సీటీసీకి వెళ్లేటప్పుడు మీ రెండు రెజల్యూషన్ల అంకెలు, మదర్‌బోర్డు పేరు, పవర్ సప్లై వాట్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దై, మీరు ఆడే ఆటలో 60 ఫ్రేములు నిలకడగా వస్తుంటే మాత్రం ఏదీ కొనకండి. ఆపైన వచ్చే ఫ్రేములను ఆ తెర పూర్తిగా చూపించలేదు.