పైథాన్‌లో తెలుగు పాఠం: తొలి అభ్యాసకుల ప్రశ్నలు, వాటి మూలాలు

వ్యాససంగ్రహం

పదసూచికలు, పదావృత్తి పట్టికలు, ఛందోగణన వంటి పనుల కోసం తెలుగు పరిశోధకులు పైథాన్ భాషను ఆశ్రయించినప్పుడు వారికి ఎదురయ్యే తొలి ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపించినా, వాటిలో అధికభాగానికి మూలం ఒక్కటే. అక్షరమని మనం భావించేది, అక్షరమని యంత్రం లెక్కించేది ఒకటి కావు. ఈ భేదాన్ని వివరించకుండా ఒక వరుస కోడ్ మాత్రమే అందించే సమాధానం ఎర్రర్‌ను తొలగించి, పరిశోధన ఫలితాన్ని తప్పుదారి పట్టించగలదని ఈ వ్యాసం సోదాహరణంగా నిరూపిస్తుంది.

కీలకపదాలు: పైథాన్, యూనికోడ్, అక్షరవిభజన, పదావృత్తి, అకారాది క్రమం

1. ప్రవేశిక

గిడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ భాష 1991లో వెలుగులోకి వచ్చింది. యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడింది కూడా ఆ సంవత్సరమే. అయితే ఈ రెండింటికీ పూర్తి పొత్తు కుదిరింది 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ 3తోనే. నాటి నుంచి పైథాన్‌లో ప్రతి స్ట్రింగూ యూనికోడ్ సంకేతాల వరుస. తెలుగుకు యూనికోడ్ కేటాయించిన స్థానాలు 128; దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 వరకు. 'ఆర్డ్' అనే ఫంక్షన్‌కు 'త'ను అందిస్తే 3108 అని జవాబు వస్తుంది.

పరిశోధక విద్యార్థులు అధ్యాపకుల వద్దకు తెచ్చే సమస్యలు రెండు రకాలు. ప్రోగ్రాం ఎర్రర్ చూపి ఆగిపోవడం మొదటిది. ఎర్రర్ లేకుండా తప్పు జవాబు రావడం రెండవది. విద్యార్థి భయపడేది మొదటిదానికి, భయపడవలసింది రెండవదానికి. ఆగిపోయిన ప్రోగ్రాం ఏ సిద్ధాంతగ్రంథంలోకీ ఎక్కదు. తప్పుగా నడిచిన ప్రోగ్రాం మాత్రం పట్టికగా మారి అనుబంధంలో చేరుతుంది.

2. "మా ఇంట్లో నడిచిన ప్రోగ్రాం ల్యాబులో ఎందుకు ఆగిపోయింది?"

అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న ఇది. తెలుగు పాఠం ఉన్న ఫైలును 'ఓపెన్' ఫంక్షన్‌తో తెరిచి చదవబోతే 'యూనికోడ్ డీకోడ్ ఎర్రర్' వస్తుంది. 'చార్‌మ్యాప్' అనే కోడెక్ ఫలానా స్థానంలోని ఫలానా బైటును విప్పలేకపోయిందని సందేశం చెబుతుంది.

ఫైలులో తెలుగు పాఠం సాధారణంగా యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటుంది. అందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'తెలుగు' అనే మాటలో ఆరు సంకేతాలున్నాయి కనుక 18 బైట్లు. లినక్స్, మ్యాక్ యంత్రాల్లో పైథాన్ సాధారణంగా ఫైలును యూటీఎఫ్-8గానే చదువుతుంది. విండోస్‌లో ఏ పద్ధతో స్పష్టంగా చెప్పకపోతే, ఆ యంత్రపు ప్రాంతీయ అమరికను, ఎక్కువ చోట్ల 1252 అనే పాత కోడ్‌పేజీని, వాడుతుంది. ఆ కోడ్‌పేజీలో అర్థం కేటాయించని బైట్లు ఐదున్నాయి. వాటిలో 129 ఒకటి, 141 ఒకటి. కొమ్ము గుర్తుకు యూటీఎఫ్-8లో మూడవ బైటు 129. పొల్లు గుర్తుకు మూడవ బైటు 141. ఒత్తు గానీ కొమ్ము గానీ లేని తెలుగు వాక్యం దొరకడం అరుదు కనుక, ప్రోగ్రాం మొదటి వాక్యంలోనే కూలుతుంది. 'తెలుగు' అనే ఒక్క మాటే ఉన్న ఫైలయితే 'లు'లోని కొమ్ము వద్ద, సున్న నుంచి లెక్కించినప్పుడు 11వ స్థానంలో ఆగుతుంది.

పరిష్కారం తేలిక. ఫైలును తెరిచేటప్పుడే 'ఎన్‌కోడింగ్' అనే పేరుతో యూటీఎఫ్-8ను స్పష్టంగా పేర్కొనాలి. పైథాన్ 3.15 నుంచి దీన్నే సహజ పద్ధతిగా చేయాలని భాషా నిర్వాహకులు నిర్ణయించినా, పాత కూర్పులు కళాశాలల్లో చాలాకాలం ఉంటాయి కాబట్టి ఈ అలవాటు అవసరమే.

ఇక్కడ తరచు వినిపించే మరో సలహా ఉంది: 'లాటిన్-1 అని రాయండి, ఎర్రర్ పోతుంది' అని. నిజంగానే పోతుంది. లాటిన్-1లో 256 బైట్లకూ ఏదో ఒక విలువ ఉంది. అది దేన్నీ కాదనదు. కానీ 'తెలుగు' నిడివి 18 అవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి. 'అ' అక్షరపు మూడవ బైటు 133, 'ఠ' అక్షరపు మూడవ బైటు 160. లాటిన్-1 ప్రకారం ఈ రెండూ ఖాళీ స్థలాలే. అందువల్ల 'స్ప్లిట్' ఫంక్షన్‌తో పదాలను విడదీస్తే 'అమ్మ' రెండు ముక్కలవుతుంది. 'పాఠం' కూడా అంతే. పదాల మొత్తం సంఖ్య పెరుగుతుంది, ఎర్రర్ ఉండదు. ఇలాంటి సలహా ఇవ్వడం కంటే సమాధానం చెప్పకపోవడమే మేలు.

ఫైలులో ఉన్నది అసలు యూనికోడేనా అన్నది కూడా చూడాలి. డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాల ఫైళ్లలో తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉన్నవి రోమన్ సంకేతాలు. మొదటి అక్షరాన్ని 'ఆర్డ్'కు ఇచ్చి చూస్తే ఆ సంఖ్య 3072-3199 పరిధిలో పడదు. అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, సరిచూసుకున్న తరువాతే పైథాన్ పని మొదలవుతుంది. పరిధిలో పడకుండా 65279 అని వస్తే మాత్రం కంగారు అక్కరలేదు. అది ఫైలు ఆరంభంలో కొన్ని సాఫ్ట్‌వేర్లు చేర్చే కనిపించని గుర్తు. ఎన్‌కోడింగ్‌ను 'యూటీఎఫ్-8-సిగ్' అని పేర్కొంటే తొలగిపోతుంది.

3. "'తెలుగు'లో ఆరు అక్షరాలా?"

'లెన్' ఫంక్షన్ 'తెలుగు'కు 6 అని చెబుతుంది. 'స్త్రీ'కి కూడా 6 అనే చెబుతుంది. మొదటిదానిలో మూడు అక్షరాలు, రెండవదానిలో ఒక్కటే. యంత్రం తప్పు చేయలేదు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఒక లెక్క. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని మరొక లెక్క. అది లెక్కించింది సంకేతాలను. అక్షరాలను లెక్కించమని మనం అడగనే లేదు.

ప్రోగ్రామింగ్ పాఠాల్లో తప్పక ఎదురయ్యే అభ్యాసం ఒకటుంది: ఒక మాటను తిరగేసినా అదే మాట వస్తుందో లేదో కనుక్కోవడం. తెలుగులో అందుకు 'వికటకవి'ని మించిన ఉదాహరణ లేదు. దీన్ని పైథాన్‌లో సంకేతాల వరుసగా తిరగేస్తే మొదట గుడి, తరువాత వ, క, ట, క, మళ్లీ గుడి, చివర వ వస్తాయి. రెండు స్ట్రింగులూ సమానం కావని యంత్రం తేలుస్తుంది. వి, క, ట, క, వి అని ఐదు అక్షరాల జాబితాగా విడదీసి తిరగేసినప్పుడే సరైన జవాబు దొరుకుతుంది. అనులోమ విలోమ పద్యాలను యంత్రంతో పరీక్షించదలచినవారికి ఈ చిన్న మాటే తొలి పాఠం.

విభజన సూత్రాన్ని వ్యాకరణ పరిభాషలోనే చెప్పవచ్చు. ఒక హల్లు; దాని వెంట 'పొల్లు, హల్లు' అనే జంట ఎన్నిసార్లైనా; ఆపైన ఉంటే ఒక గుణింతపు గుర్తు; ఆపైన ఉంటే సున్న, అరసున్న, విసర్గలలో ఒకటి. లేదా ఒక అచ్చు, దాని వెంట అవే. ఈ వాక్యాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాస్తే అక్షరవిభజన సిద్ధమవుతుంది. మిగిలే చిక్కు పదాంతంలోని పొల్లుహల్లుది. 'వచ్చెన్' అనే క్రియలో ఏడు సంకేతాలున్నాయి. లిపి దృష్టితో వ, చ్చె, న్ అని మూడు భాగాలు. ఛందస్సు దృష్టితో మాత్రం రెండే అక్షరాలు, రెండూ గురువులే: సంయుక్తాక్షరం పరమవడం వల్ల 'వ', పొల్లుతో కూడడం వల్ల 'చ్చెన్'. పొల్లును ముందక్షరంతో కలపాలా వద్దా అనేది ప్రోగ్రాం నిర్ణయించదు, పరిశోధకుడు నిర్ణయించాలి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు రాకపోతే పద్యంలో యతిభంగమో గణభంగమో వెదకడానికి ముందు ఈ నిర్ణయాన్ని సరిచూసుకోవాలి.

సిద్ధంగా దొరికే సాధనాలనూ నమ్మవచ్చు కానీ కూర్పును గమనించాలి. యూనికోడ్ పాత నియమం 'క్ష'ను పొల్లు తరువాత రెండుగా కోసేది. 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టరాదని నియమం చేర్చింది. ఒకే ప్రోగ్రాం, ఒకే కావ్యం, రెండు యంత్రాల్లో రెండు సంఖ్యలు వచ్చే అవకాశం ఉందన్నమాట.

4. "నా పదావృత్తి పట్టికలో 'తెలుగు' ఎందుకు లేదు?"

ఈ ప్రశ్న అడిగిన విద్యార్థిని అభినందించాలి. ఎందుకంటే అడగకుండానే పట్టికను స్వీకరించేవారే ఎక్కువ.

పైథాన్‌తో వచ్చే 'ఆర్ఈ' మాడ్యూల్‌లో 'పదవర్ణం' అనే గుర్తు ఉంది. తిరగేసిన గీత పక్కన రాసే 'డబ్ల్యూ' అది. అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే అందులో చేరతాయి. గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను యూనికోడ్ అక్షరాలుగా కాక 'చిహ్నాలు'గా వర్గీకరించింది. దాని ఫలితంగా ప్రతి గుణింతపు గుర్తు వద్దా పదం తెగిపోతుంది. 'తెలుగు' త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. ఒక స్ట్రింగ్‌లో అన్నీ అక్షరాలేనా అని అడిగే 'ఈజ్ ఆల్ఫా' పద్ధతి 'పలక'కు అవునని, 'పలుక'కు కాదని చెప్పడానికీ కారణం ఇదే. విచిత్రమేమిటంటే 'తెలుగు' అనే మాటను చలరాశి పేరుగా పెట్టుకోవడానికి ఇదే పైథాన్ అనుమతిస్తుంది. తెలుగు అంకెల్లో రాసిన '౧౯౯౧'ని 'ఇంట్' ఫంక్షన్‌కు ఇచ్చినా 1991గా గ్రహిస్తుంది. తెలుగును ఎరుగని భాష కాదది. ఒక్కొక్క చోట ఒక్కొక్క నిర్వచనాన్ని అనుసరిస్తుంది.

ముక్కలు కళ్లకు కనిపిస్తే ప్రమాదం లేదు. కనిపించకుండా పోయినప్పుడే ఉంది. పాఠ విశ్లేషణకు విరివిగా వాడే సైకిట్-లెర్న్ గ్రంథాలయంలోని 'కౌంట్ వెక్టరైజర్' సహజంగా అనుసరించేది పై పదవర్ణ నియమాన్నే. అదనంగా రెండు సంకేతాలకు తక్కువైన ముక్కలను విడిచిపెడుతుంది. అప్పుడు 'తెలుగు' మూడు ముక్కలై, మూడూ జారిపోయి, పట్టికలో ఆనవాలు లేకుండా పోతుంది. 'అమ్మ' కాస్తా 'అమ' అవుతుంది. కల, కలి, కలం, కలువ అనే నాలుగు మాటలూ 'కల' అనే ఒక్క పద్దు కింద చేరతాయి. 'పదవి', 'పదవ' ఒకటైపోతాయి. పట్టిక చూడడానికి నిండుగానే ఉంటుంది. అందులోనివి తెలుగు మాటలుగానే కనిపిస్తాయి. ఒక కవి శబ్దసంపదను మరొక కవితో పోల్చే వ్యాసం దీనిమీద నిలబడితే ఆ పోలిక కవుల మధ్య కాదు, గుణింతం లేని హల్లుల మధ్య జరిగినట్లు.

3072 నుంచి 3199 వరకు ఉన్న సంకేతాల్లో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ వరుసగా వచ్చినది పదం అని మనమే నిర్వచించి, ఆ నమూనాను సాధనానికి అందించాలి. విడిగా దొరికే 'రెజెక్స్' మాడ్యూల్ ఈ చిహ్నాలను పదంలో భాగంగానే పరిగణిస్తుంది కనుక దాన్నీ వాడవచ్చు. కేవలం 'స్ప్లిట్' వాడితే పదాలు తెగవు గానీ, 'వచ్చాడు' ఒక పద్దు, వాక్యాంత బిందువు అంటుకున్న 'వచ్చాడు.' మరొక పద్దు అవుతాయి. సంధులను, విభక్తి ప్రత్యయాలను విడదీయడం వేరే పరిశోధన. దాన్ని పైథాన్ లోపంగా భావించనక్కరలేదు.

5. "రెండూ ఒకే మాట కదా, సమానం కాదంటుందేమి?"

ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాల రాయవచ్చు: 3144 అనే ఒకే సంకేతంగా, లేదా ఎత్వం, దాని కింద 3158 అనే ఐత్వపు గుర్తు కలిపి. కంటికి రెండూ 'పై'. యంత్రానికి ఒకటి రెండు సంకేతాలు, మరొకటి మూడు. వేర్వేరు మూలాల నుంచి పాఠాలు సేకరించినప్పుడు 'యూనికోడ్ డేటా' మాడ్యూల్‌లోని 'నార్మలైజ్' ఫంక్షన్‌తో 'ఎన్ఎఫ్‌సీ' రూపానికి తెస్తే ఈ భేదం తీరిపోతుంది.

తీరనిది మరొకటి ఉంది. 'పైథాన్‌లో' అన్నప్పుడు నకారపొల్లు కింద లకారం ఒత్తుగా చేరకుండా ఆపే అదృశ్య సంకేతం, 8204. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. 'స్ట్రిప్' దాన్ని తొలగించదు, 'నార్మలైజ్' తాకదు. 3072-3199 పరిధిలో లేదు కనుక పై పదనమూనాలో దాన్ని చేర్చకపోతే పదం అక్కడ తెగుతుంది కూడా. పదాలను పోల్చేటప్పుడు దీన్ని తీసివేయవచ్చు. అక్షరవిభజనకు ముందు తీసివేస్తే మాత్రం 'న్', 'లో' కలిసి సంయుక్తాక్షరమవుతాయి.

6. అకారాది క్రమం, జాబితాలు

'సార్టెడ్' ఫంక్షన్ సంకేతసంఖ్యల వరుసను పాటిస్తుంది. తెలుగుకు అది చాలావరకు సరిపోతుంది. కానీ వర్ణమాలలో హకారం తరువాత వచ్చే ళకారం యూనికోడ్‌లో లకారం పక్కన ఉంది. అందువల్ల 'కళ' ముందు, 'కవి' తరువాత వస్తాయి. ఱకారం రేఫ పక్కనే ఉంది. గుణింతంలో చివర రావలసిన సున్న యూనికోడ్‌లో అచ్చులకంటే ముందుంది. పదసూచికను ఏ నిఘంటువు క్రమంలో ఇవ్వదలచామో నిర్ణయించుకొని, ఆ వర్ణక్రమాన్ని 'కీ' అనే పేరుతో అందించాలి.

చివరిగా, తెలుగుతో నిమిత్తం లేకపోయినా పదావృత్తి పనిలో తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి. 'అని', 'అని', 'పూలు' అనే మూడు పదాల జాబితాను లూపులో చదువుతూ 'అని' కనిపించినప్పుడల్లా 'రిమూవ్'తో తొలగించమంటే ఒక 'అని' మిగిలిపోతుంది. మొదటిది తొలగగానే రెండవది ముందుకు జరిగి మొదటి స్థానంలో కూర్చుంటుంది. లూపు అప్పటికే రెండవ స్థానానికి వెళ్లిపోయి అక్కడ 'పూలు'ను చూస్తుంది. చదువుతున్న జాబితాను మార్చకుండా, ఉంచదలచిన పదాలతో కొత్త జాబితా కట్టుకోవాలి. ఈ జవాబు చెప్పేటప్పుడు మూడు పదాలనూ నల్లబల్లమీద రాసి, ఒకదాన్ని తుడిచి, మిగిలినవాటిని పక్కకు జరిపి చూపడం సరిపోతుంది; కంప్యూటరు అక్కరలేదు.