వంతెన దగ్గర ఆగిన వడ్లు

‘దేశమంతా ఒకే మార్కెట్ అంటున్నారుగా, మీ చెన్నూరులో అది ఎట్లుందో చూసి గురువారం సాయంత్రానికి పంపండి’ అన్నారు ఎడిటర్. జీఎస్టీ తెచ్చిన ఆర్థిక ఐక్యత మీద నాకు మొదటినుంచీ కొంత అనుమానమే. ఆ అనుమానంతోనే తెలంగాణ సరిహద్దున ఉన్న మా చెన్నూరులో జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను.

కోయంబత్తూరు పోయే లారీ. నిండా పత్తి బేళ్లు, ఒక్కోటి సుమారు 170 కిలోలు. డ్రైవర్ ఫోన్లో సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు తీసి చూపించాడు. పైన 12 అంకెల నంబరు. ‘ఎ’ భాగంలో పంపేవారు, అందుకునేవారు, సరుకు కోడ్ 5201, దాని విలువ, 5 శాతం పన్ను. ‘బి’ భాగంలో బండి నంబరు. దారిలో బండి చెడి సరుకును వేరే లారీకెక్కిస్తే ‘బి’ని మళ్లీ నింపాలి. గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. కోయంబత్తూరు వెయ్యి దాటుతుంది కాబట్టి ఆరు రోజులు. ఆరో రోజు అర్ధరాత్రి కొట్టగానే బిల్లు చెల్లదు.

“ఎన్కట చెక్‌పోస్టు కాడ పూటలు పూటలు పోయేవి సార్. ఇప్పుడు ఆపేటోడు లేడు గని, ఈ టైమే నిద్రపోనిస్తలేదు” అన్నాడు.

ఆ బిల్లులో రైతు పేరు కోసం వెతికాను. లేదు. రైతు దగ్గర పత్తి కొంటే దాని మీది జీఎస్టీ కొన్న మిల్లే కట్టాలి. రైతుకు ఆ లెక్కల బాధ తప్పింది, మంచిదే. కానీ పత్తి ప్రయాణం ఆ కాగితంలో చేను నుంచి కాదు, మిల్లు గేటు నుంచే మొదలవుతుంది.

ఇక్కడి సరిహద్దు చరిత్ర గబగబా చెప్పేస్తాను. ప్రాణహిత నది అవతల, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరోంచను నిజాం 1860లో బ్రిటిష్ వాళ్లకిచ్చాడు. అప్పట్నుంచి ఇవతల కరోడ్‌గిరి అనే సుంకం, నిజాం నాణెం హాలీ సిక్కా; అవతల బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయి. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిసింది. 1950లో రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛా వ్యాపారమంది. 2017 జులై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర ఈ-వే బిల్లు వచ్చాయి.

ఎవరి మాట ఎంత?
ఈ పన్ను సంగతులు తేల్చే జీఎస్టీ మండలి ఓట్లలో కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి ముప్పావు వంతు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ కదలదు. పెట్రోలు, డీజిలు, మద్యం ఇప్పటికీ జీఎస్టీ బయటే.

ఇక మళ్లీ మా సరిహద్దుకొస్తే, కోటపల్లి మండలం రాపన్‌పల్లి దగ్గర ప్రాణహిత వంతెన దాటితే సిరోంచ. అటూ ఇటూ తెలుగే. కంచం పొత్తు, మంచం పొత్తు ఎప్పట్నుంచో ఉన్నవే. వడ్ల మద్దతు ధర దేశమంతా ఒకటే గానీ, పైన ఇచ్చే బోనస్ రాష్ట్రానిది. 2024 వానాకాలం నుంచి తెలంగాణ సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయలు కలిపింది. ఆ డబ్బు పక్క రాష్ట్రపు పంటకు పోకూడదని సరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది. ఖజానా లెక్కన అది సబబే. తెలంగాణ రేషన్ బియ్యం మాత్రం దొంగచాటుగా అటు పోతూ దొరుకుతూనే ఉంటుంది.

వంతెన దగ్గర సిరోంచ వైపు పెద్దాయన ఒకరు కలిశారు. బోనస్ సంగతి అడిగితే నవ్వారు.

“బిడ్డను చెన్నూరుకిచ్చిన తమ్మీ, ఎవ్వలు ఆపలే. వడ్లు తెస్తేనే ఏ రాష్ట్రపోనివని అడిగిండ్రు.”