పాలీహౌస్ టమాటాకు 'టానిక్' కొడితే కాత పెరుగుతుందా?

ఆర్మూర్ అంటే పసుపు, ఎర్రజొన్న. పసుపు డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. మధ్యలో ఇల్లు గడవడానికి పాలీహౌస్‌లో టమాటా వేద్దామనుకునే కుటుంబాలకు మొదట ఎదురయ్యే సమస్య పూత రాలడం. మందుల దుకాణానికి వెళ్తే, "ఇది కొట్టండి భాయ్, కాత డబుల్ అయితది" అని ఓ సీసా చేతిలో పెడతారు. పైసలు ఇచ్చే ముందు ఆ సీసాలో ఏముందో చూసుకోవాలి.

పూత ఎందుకు రాలుతుంది?

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. బయట పొలంలో గాలికి పువ్వు ఊగి, పుప్పొడి రాలి, కాయ కడుతుంది. పాలీహౌస్ లోపల ఆ గాలి ఉండదు. పైగా పగలు 35 డిగ్రీలు, రాత్రి 22 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు. మన జిల్లాలో వేసవి ఎండ 40 దాటుతుంది. పూత నిలవదు.

హార్మోన్ మందు ఏం చేస్తుంది?

ఎక్కువగా అమ్మేది ఎన్‌ఏఏ, అంటే నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ లాంటిదే. పూత, పిందె రాలకుండా ఆపుతుంది. అయితే ఇది ఎరువు కాదు, మొక్కకు బలం ఇవ్వదు. నీళ్లు, పోషకాలు తక్కువైతే నిలిచిన పిందె కూడా పెరగదు.

లెక్క తప్పితే నష్టమే. 4.5 శాతం మందు 1 మిల్లీలీటరు 4.5 లీటర్ల నీటిలో కలిపితే 10 పీపీఎం అవుతుంది. 15 లీటర్ల ట్యాంకుకు సుమారు 3.3 మిల్లీలీటర్లు. సీసా మూతతో అందాజాగా పోస్తే మోతాదు రెండు, మూడింతలు అవుతుంది. అప్పుడు ఆకులు ముడుచుకుపోతాయి, కాయల లోపల బోలుగా ఉంటుంది. పక్క చేలో మక్కకు కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి వచ్చినా ఆకు ఇలాగే మెలి తిరుగుతుంది. దాన్ని వైరస్ అనుకుని ఇంకో మందు కొనడం వట్టి ఇస్రాఫ్.

'బయో' సీసాల సంగతి

సముద్రపు నాచు, హ్యూమిక్ యాసిడ్, అమైనో యాసిడ్ మందులను బయోస్టిమ్యులెంట్లు అంటారు. 2021లో కేంద్రం వీటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చింది. కోడి ఈకలు, పంది కణజాలం, పశువుల తోళ్ల నుంచి తీసిన 11 రకాలకు ఇచ్చిన అనుమతిని 2025 సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. పాత సరుకు అంటగట్టకుండా లేబుల్ మీద దేని నుంచి తయారైందో చదవాలి. నాచు రకం తీసుకుంటే ఆ సందేహమే రాదు.

ముందు ఖర్చు లేని పని

నెదర్లాండ్స్ గ్రీన్‌హౌస్‌లలో 1980ల చివరి నుంచి బంబుల్ తేనెటీగలను వదిలి పువ్వులు కదిలిస్తున్నారు. ఇక్కడ ఆ పని చేత్తో చేయొచ్చు. ఉదయం 10 నుంచి 12 గంటల మధ్య, రోజు విడిచి రోజు, మొక్కలు కట్టిన తీగను మెల్లగా తట్టాలి. పక్క తెరలు ఎత్తి, షేడ్ నెట్ వేసి వేడి తగ్గించాలి.

అప్పటికీ పూత రాలితే మందు వాడొచ్చు. మొదట రెండు వరుసలకే, చల్లని పూట, లేబుల్ మోతాదులో కొట్టాలి. పక్క వరుసతో కాయలు లెక్కపెట్టి చూడాలి. తేడా కనబడితేనే మిగతా పాలీహౌస్‌కు కొట్టాలి. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. మందు నకిలీ అయితే వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయడానికి ఆ కాగితమే ఆధారం.